ఓవికో తలుపులు

బుధవారాల్లో హెల్వీ, లరీసా మధ్యాహ్నం రెండు దాటేదాకా తిండి ముట్టరు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న థండర్ బేలో, బే స్ట్రీట్ మీద సైమా పిన్ని బేకరీ ఉంది. దాని పైగది అద్దెకు తీసుకుని జనం వదిలేసిన పేర్లు పట్టుకోవడం వాళ్ళిద్దరి వృత్తి.

పేర్లంటే దుకాణాలూ కంపెనీలూ ఇంటర్నెట్‌లో పెట్టుకునే పేర్లు. ఏటా రుసుము కట్టినంతకాలం పేరు మీది. కట్టడం మానేస్తే కొన్నాళ్ళు చూస్తారు, పిలుస్తారు, హెచ్చరిస్తారు. ఆ తర్వాత ఏదో ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఆ పేరుని గాల్లోకి వదిలేస్తారు. దేశం మొత్తంలో ఎవరి చెయ్యి ముందు పడితే వాళ్ళదే. కనురెప్ప వేసేలోపు అయిపోయే వేట అది.

చచ్చిపోయిన వ్యాపారాల పేర్లు అమ్ముకుని బతకడం ఏం బతుకని ఎవరైనా దెప్పితే హెల్వీ ఊరుకునేది కాదు. "వదిలేసినదాన్ని తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? పట్టించుకోనివాడికి లేని బాధ, తీసుకున్నదానికెందుకు?" అని నిలదీసేది. పక్కనే కూర్చున్న లరీసా అవునవునని తల ఊపేది. ఆ తల ఊపడంలో ఎంత అర్థం ఉందో హెల్వీకి అప్పట్లో తెలీదు.

ఆ బుధవారం పొద్దుటి నుంచీ మంచు పడుతూనే ఉంది. సైమా పిన్ని ఆయాసపడుతూ మెట్లెక్కి, పళ్ళెం బల్లమీద పెట్టింది. గులాబీరంగు పూత పూసిన పర్షియన్లనే తీపి బన్నులు, అప్పుడే వేయించి తీసినవి.

"ఏమ్మా, గాలాలు వేశారా?"

"వేశాం పిన్నీ. ఇవాళ పెద్దదే పడుతుంది," అంది లరీసా.

"పడకపోతే మానె. ముందు ఇవి తినండి. ఇద్దరూ ఎండు చేపల్లా తయారయ్యారు. దీన్ని చూడు, మొహంలో నెత్తురు చుక్క లేదు," అని హెల్వీ గడ్డం పట్టుకుని ఊపింది.

"రెండయ్యాక తింటా పిన్నీ."

"ఏ పేరే అంత ముంచుకొచ్చింది?"

హెల్వీ తెర వంక తిరిగింది. లరీసానే చెప్పింది, గొంతు తగ్గించి. "ఓవికో."

సైమా పిన్ని మొహం మెత్తబడింది. హెల్వీ తల నిమిరి దిగి వెళ్ళిపోయింది.

ఓవికో ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే మూతపడిన తాళాల కంపెనీ. తలుపు బయట అరచెయ్యంత పలక ఉంటుంది. చెయ్యి ఆనిస్తే, అది ఎవరి చెయ్యో తాళం పోల్చుకుని ఇంటర్నెట్‌లో ఓవికో అన్న పేరుని పిలిచి అడుగుతుంది. ఫలానావాళ్ళు వచ్చారు, తియ్యనా? అక్కడి యంత్రం సరే అంటే తలుపు తెరుచుకుంటుంది. తెలియని చెయ్యి అయితే కాదంటుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తాళం ఒక మాట పలుకుతుంది. చిన్న కంపెనీ కదా, మంచి గొంతు వెతికి తెచ్చుకునే స్తోమత ఎక్కడిది? ఇల్లిల్లూ తిరిగి తాళాలు బిగించే కుర్రాడి చేతే చెప్పించి, ప్రతి తాళంలోనూ నింపేశారు.

"తలుపు తీశాను. లోపలికి రా. బూట్లు బయటే విప్పు."

ఆ కుర్రాడు ఎన్సియో. హెల్వీ మొగుడు.

కంపెనీ మూతపడ్డ చలికాలమే ఎన్సియో కూడా పోయాడు. చేపలకని స్నోమొబైల్ మీద అఖాతం దాటుతుంటే మంచుగడ్డ విరిగింది. బండి దొరికింది. మనిషి దొరకలేదు. సుపీరియర్ సరస్సు చల్లదనానికి శవాలు తేలవని అందరూ అనడమే తప్ప, ఆ మాట మొగుడి కోసం ఒడ్డున నిలబడ్డదానికి ఎలా వినపడుతుందో ఎవరూ ఆలోచించలేదు.

హెల్వీ దగ్గర అతని ఫొటోలున్నాయి, స్వెటర్లున్నాయి. గొంతు లేదు. గొంతు వాళ్ళింటి తలుపులో ఉంది. సరే అని చెప్పే యంత్రం లేక అది మూగబోయింది. విప్పించి చూసింది, తెలిసినవాళ్ళందరికీ చూపించింది. ఎవరి చేతికీ గొంతు ఊడి రాలేదు. ఊళ్ళో అందరిలాగే తనూ మామూలు తాళంచెవి వాడుతోంది. కానీ ప్రతి సాయంత్రం ఇంటికి రాగానే ముందు పలక మీద చెయ్యి ఆనిస్తుంది. అలవాటు. ఎర్ర దీపం కాసేపు కొట్టుకుని ఆరిపోతుంది. అప్పుడు తాళంచెవి తీస్తుంది.

ఓవికో పేరు తన చేతికొస్తే... తన యంత్రం సరే అంటే... తలుపు మళ్ళీ మాట్లాడుతుంది. అంతే ఆమెకు కావలసింది. డబ్బు కాదు, వ్యాపారం కాదు. ఒక్క మాట.

"బొమ్మని మాత్రం అక్కడ పెట్టకూడదు," అంది హెల్వీ గడియారం చూస్తూ. "గుర్తుందిగా?"

"ఎన్నిసార్లు చెబుతావే తల్లీ!"

బొమ్మ అంటే హెల్వీ రాసిన చిన్న ప్రోగ్రామ్. పట్టుకున్న ప్రతి పేరు దగ్గరా దాన్ని కాపలా పెడతారు. ఎవరొచ్చి ఏమడిగినా సరే అనడమే దాని పని. జవాబు రాకపోతే వచ్చేవాళ్ళు రావడం మానేస్తారు, వచ్చేవాళ్ళు లేని పేరుని ఎవడూ కొనడు. అందుకని ఆ ఏర్పాటు. కాదు అనే మాట దానికి నేర్పలేదు. వచ్చి చూసినవాళ్ళకి తెల్లటి పేజీ మీద "కాసేపు ఆగండి, వస్తున్నాను" అని ఒక ముక్క కనపడుతుంది. అదీ హెల్వీ రాసిందే.

"వేరే పేర్లయితే సరే," అంది హెల్వీ. "ఇవి తాళాలే. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి ఇంకా ఉన్నాయో. బొమ్మని పెట్టామంటే దారినపోయేవాడు చెయ్యి ఆనించినా తలుపు తీస్తుంది. మా ఇంటి తలుపుకొక్కదానికే జవాబిచ్చేలా వేరేగా రాసి ఉంచాను."

"అలాగేలే. గడియారం చూడు."

ఇద్దరూ రెండు యంత్రాల ముందు కూర్చున్నారు. రెండయింది. తెర మీద గీతలు పరుగెత్తి ఆగిపోయాయి.

పోయింది. ఎవరో తీసుకున్నారు.

"నీకు?" అంది హెల్వీ.

లరీసా తన తెర వంక చూసి తల అడ్డంగా ఊపింది. లేచి వచ్చి హెల్వీని గట్టిగా వాటేసుకుంది. "పోనీలేవే. ఎవడో వ్యాపారస్తుడై ఉంటాడు. అమ్మకానికి పెడతాడు, కొందాం. నేనున్నానుగా?"

రెండు చలికాలాల బట్టీ ఆ మాటే అంటోంది. ఎన్సియో పోయిన కొత్తల్లో బీట్‌రూట్ సూప్ గిన్నె పట్టుకుని రోజూ వచ్చేది. వంటింట్లో కూర్చుని హెల్వీతోపాటు ఏడ్చేది. ఒక్కోసారి హెల్వీ కన్నా ఎక్కువే ఏడ్చేది. ఎంత మంచిదమ్మా అని ఊరంతా అనుకుంది.

"తలనొప్పిగా ఉంది, త్వరగా వెళతా," అని లరీసా కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. పర్షియన్లు పళ్ళెంలోనే ఉండిపోయాయి.

హెల్వీ ఇల్లు చేరేసరికి ఐదు దాటింది, బాగా చీకటిపడింది. మంచు ఆగింది. గాలి కూడా లేదు. అలాంటప్పుడు ఊరికి చెవులు మూసుకుపోయినట్టుంటుంది. మెట్లెక్కి, చేతి తొడుగు పళ్ళతో లాగి, అలవాటు కొద్దీ పలక మీద చెయ్యి ఆనించింది.

ఆకుపచ్చ దీపం వెలిగింది.

"తలుపు తీశాను. లోపలికి రా. బూట్లు బయటే విప్పు."

హెల్వీ గుమ్మంలోనే కూలబడింది. ఆ 'రా' అనేటప్పటి చిన్న నవ్వు, 'బూట్లు' అనేటప్పటి దబాయింపు... అన్నీ అలాగే ఉన్నాయి. చెయ్యి మళ్ళీ ఆనించింది. మళ్ళీ విన్నది. మళ్ళీ. పక్కింటివాళ్ళు చూస్తే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు.

చాలాసేపటికి గానీ అసలు సంగతి తలకెక్కలేదు. జవాబు ఎవరిస్తున్నారు?

ఫోన్ తీసి ఓవికో పేరు కొట్టింది. తెల్లటి పేజీ. మధ్యలో ఒక్క ముక్క. "కాసేపు ఆగండి, వస్తున్నాను."

తన మాట. తన బొమ్మ. ఆ బొమ్మ ఈ ప్రపంచంలో ఇద్దరి దగ్గరే ఉంది.

కన్నీళ్ళు బుగ్గల మీదే ఆగిపోయాయి. లరీసాకి దొరికింది. దొరికి, దొరకలేదని చెప్పింది. చెప్పి వాటేసుకుంది. ఎందుకు? అడిగితే ఇయ్యనా? ప్రాణమిమ్మన్నా ఇచ్చేదాన్నే! కొనేవాడెవడో పెద్ద మొత్తం చూపించి ఉంటాడని అనుకుంది హెల్వీ. డబ్బుకే కక్కుర్తి పడిందని. ఆ మాట అనుకుంటున్నప్పుడు కూడా ఆమెకు మనసులో ఒక మూల కాస్త నిబ్బరంగానే ఉంది. డబ్బు కోసమైతే కొట్లాడొచ్చు, తిట్టుకోవచ్చు, ఎప్పటికో ఒకప్పటికి కలిసిపోవచ్చు.

కారు తీసింది.

లరీసా ఇల్లు అఖాతానికి అవతలి ఒడ్డున, ఫిర్ చెట్ల మధ్య ఒంటరిగా ఉంటుంది. ఇంటి ముందు గడ్డకట్టిన సరస్సు తప్ప ఇంకేమీ లేదు. కారు దీపాలు ఆర్పగానే తెల్లటి చీకటి. ఎక్కడో దూరంగా మంచుగడ్డ మూలిగింది. చలి బిగిసేటప్పుడు అలా మూలుగుతుంది, చిన్నప్పటి నుంచీ విన్నదే. అయినా ఆ రోజు దానికేసి తిరిగి చూసింది.

వసారా మెట్లెక్కింది. పలక మీద చెయ్యి ఆనించలేదు. పిడికిలితో బాదింది.

"తియ్యవే! దొంగముండా, తియ్యి!"

తలుపు లరీసానే తీసింది. మొహం పాలిపోయి ఉంది. కొత్త గౌను, పెదాలకి రంగు. బల్ల మీద రెండు గ్లాసులు. తలనొప్పి అని ఇంటికొచ్చిన మనిషి!

"నువ్వెందుకొచ్చావే?" అంది గుసగుసగా. "వెళ్ళిపో హెల్వీ. ఇవాళొద్దు."

"పేరు నీకు దొరికింది."

"అవును."

"దొరకలేదన్నావు. నా భుజం మీద తల పెట్టి మరీ అబద్ధం చెప్పావు. ఎంతకి అమ్ముతున్నావు? చెప్పు, ఎంతకి?"

"అమ్మడానికి కాదే."

"మరెందుకు? నీకు పనికొచ్చేదేముంది అందులో? నేను రెండేళ్ళుగా ఆ గొంతు కోసం ఎలా దేవులాడానో నీకు తెలుసు. నీకొక్కదానికే తెలుసు! అడగొచ్చుగా నన్ను?"

"అడిగితే ఎందుకని అడిగేదానివి."

"అడక్కుండా ఎలా ఉంటాను?"

"ఏం చెప్పమంటావు?" అంది లరీసా. "నీకు అతని గొంతు కావాలి. నాకు... అతను కావాలి. అతను వస్తున్నాడే."

హెల్వీకి ముందు అర్థం కాలేదు. లరీసా తలుపు లోపలివైపు ఉన్న చిన్న అద్దం తెరని చూపించింది. బయట ఎవరు చెయ్యి ఆనిస్తే వాళ్ళ పేరు అందులో కనపడుతుంది.

"సరస్సు గడ్డకట్టగానే మొదలవుతుంది. చీకటి పడ్డాక పలక వెలుగుతుంది. పేరు కనపడుతుంది. యంత్రం జవాబివ్వదు కదా, ఎర్ర దీపం వస్తుంది. కాసేపు ఆగి మళ్ళీ ఆనిస్తాడు. మళ్ళీ... తలుపు నేను తీస్తే ఎవరూ ఉండరు. పలక మీద తడి చెయ్యి, చూస్తుండగానే గడ్డకట్టేస్తుంది. నేను తీస్తే రాడే. తలుపే రమ్మనాలి. నాకు తెలిసిపోయింది. తలుపే రమ్మనాలి."

"అతని చెయ్యి..." హెల్వీ మెల్లగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. "అతని చెయ్యి మీ ఇంటి తాళానికి ఎందుకు తెలుసు?"

లరీసా తల దించుకుంది.

"బిగించిన ఇళ్ళన్నిటికీ తన చెయ్యి నేర్పలేదు ఎన్సియో. మీ ఇల్లు కాక మా ఇంటికొక్కదానికే నేర్పానన్నాడు."

"ఆ రోజు అతను చేపలకి వెళ్ళలేదు హెల్వీ. ఇటే వస్తున్నాడు," అంది లరీసా మళ్ళీ.

పొయ్యిలో బర్చ్ కట్టె చిటపటమంది. హెల్వీ నవ్వింది. నవ్వు వచ్చినందుకు తనకే భయమేసింది.

"అంటే ఆ సూపు గిన్నెలు, ఆ ఏడుపులు... నా వంటింట్లో కూర్చుని నువ్వు నీ మనిషి కోసం ఏడ్చావన్న మాట. నేను నీ కళ్ళు తుడిచాను. నిన్ను నేను ఓదార్చాను! నా మొగుడు బతికుండగా నీ ఇంటికొచ్చాడు, సరే. ఎంతోమంది మొగుళ్ళు వెళతారు. చచ్చాక కూడా నీ ఇంటికేనా? నా గుమ్మం ముందు ఒక్కసారి... ఒక్క సాయంత్రం... నేనక్కడే ఉన్నానుగా? చెయ్యి ఆనించి నిలబడ్డానుగా రోజూ?"

అప్పుడు పలక చిన్నగా కూతపెట్టింది.

ఇద్దరూ తలుపు వంక చూశారు. అద్దంలో అక్షరాలు వెలిగాయి.

ఎన్సియో.

ఎర్ర దీపం రాలేదు. ఆకుపచ్చది వచ్చింది. బొమ్మ సరే అంది.

"తలుపు తీశాను. లోపలికి రా. బూట్లు బయటే విప్పు."

తన గొంతుతో తనే తనను పిలుచుకున్నాడు.

గడియ జారింది. తలుపు తనంతట తాను తెరుచుకుంది, నిదానంగా, వచ్చేది ఇంటి మనిషే అయినట్టు. వసారాలో ఎవరూ లేరు. చలి వచ్చింది. మామూలు చలి కాదు, నీళ్ళ అడుగు నుంచి వచ్చే చలి. నాచు వాసన, పెట్రోలు వాసన, తడిసిన ఉన్ని వాసన. తర్వాత... చెక్క మీద బరువుగా ఏదో పడింది. దబ్బు.

ఒక బూటు.

కాసేపాగి ఇంకొకటి. దబ్బు.

"ఎన్సియో," అంది లరీసా. ఆ పిలుపులో ఉన్న చనువుకి హెల్వీ గుండె భగ్గుమంది. ప్రాణాలు పైకి లేచిపోతున్న ఆ క్షణంలో కూడా, ఎవరి దగ్గరికి వస్తాడో చూడాలనే ఉంది ఆమెకు.

గుమ్మం లోపల నేల తడిసింది. ఉత్త పాదం. ఇంకొకటి. ఒక్కొక్క అడుగూ నల్లగా, నీళ్ళు కారుతూ... వాళ్ళిద్దరి వైపే వచ్చింది. లరీసా చేతులు చాచింది. అడుగులు ఇద్దరికీ మధ్య ఆగాయి. హెల్వీ చెంపకు తడిగాలి తగిలింది.

ఆగాయి. అటూ తిరగలేదు. ఇటూ తిరగలేదు.

వెనక్కి మళ్ళాయి. తిన్నగా గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పక్కన, గోడవారగా నిలబడ్డాయి. వేళ్ళు బయటివైపు తిరిగి. పెళ్ళివారింట్లో తలుపు పట్టుకుని నిలబడ్డ మనిషిలా.

"ఎన్సియో? ఇటురా... నేనిక్కడ..." లరీసా చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

ఈసారి గొంతు తాళంలోంచి రాలేదు. ఆ తడి పాదాల మీద నుంచి వచ్చింది.

"రండి. అందరూ రండి."

పలక కూతపెట్టింది. అద్దంలో అక్షరాలు మారాయి. తెలియని చెయ్యి. ఆకుపచ్చ దీపం. వసారాలో బూటు పడింది. ఇంకొకటి. మళ్ళీ కూత. తెలియని చెయ్యి. ఆకుపచ్చ. బరువైన బూట్లు, తేలికవి, చెక్క అడుగువి... ఒకటి చాలా చిన్నది, పడ్డ చప్పుడు కూడా సరిగా వినపడలేదు. నేల మీద తడి అడుగులు ఒకదాని మీద ఒకటి... గోడల వెంట... బల్ల చుట్టూ... పొయ్యిలో మంట నీలంగా మారి కుంచించుకుపోయింది.

ఎవరొచ్చి ఏమడిగినా సరే. కాదు అనే మాట నేర్పలేదు. తానే నేర్పలేదు.

"ఫోనివ్వు," అంది హెల్వీ లరీసా భుజాలు పట్టుకుని కుదుపుతూ. "బొమ్మని ఆపుతా. ఇవ్వవే! పేరు నీది, నువ్వు తెరిస్తేగానీ నేనేం చెయ్యలేను!"

"ఆపితే అతను మళ్ళీ బయటే ఉండిపోతాడు."

"అతను నీకోసం రాలేదే! కళ్ళు తెరువు! నీకోసం రాలేదు, నాకోసం రాలేదు. వాళ్ళకి తలుపు తియ్యడానికొచ్చాడు. వాళ్ళందరిలో మీ తాళానికి తెలిసిన చెయ్యి అతనిదొక్కటే కదా..."

"రెండేళ్ళు బయట నిలబెట్టాను," అంది లరీసా. ఆమె ఊపిరి పొగలు పొగలుగా వస్తోంది. కంటి రెప్పల మీద తెల్లటి నూగు. "ఇక నిలబెట్టలేను."

హెల్వీ చెయ్యి వదిలేసింది. వెనకవైపు ఆవిరిగదిలోంచి బయటికి దారి ఉంది. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ కారు దాకా పరుగెత్తింది. ఒక్కసారి వెనక్కి చూసింది. కిటికీలన్నీ లోపల్నించి మసకబారి ఉన్నాయి. కూత వినపడుతూనే ఉంది. మధ్యలో లరీసా గొంతు... ఏడుపు కాదు, కేక కాదు. పండగపూట చుట్టాలతో మాట్లాడే గొంతు.

"రండి... కూర్చోండి... చోటుంది, ఇంకా చోటుంది..."

పోలీసులు వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఇంట్లో నేలంతా ఒకే గాజుపలకలా గడ్డకట్టిన నీళ్ళు. మనిషి లేదు. వసారాలో గోడవారగా వరసగా బూట్లు. తోలువి, రబ్బరువి, వెనకటి కాలం పడవవాళ్ళవి, పసిపిల్ల నూలుబూట్లు. అన్నింట్లోనూ మంచు. వరసలో చివరివి లరీసావి.

హెల్వీ తన ఇంటి తాళం ఊడదీసి, ఆ కన్నానికి చెక్క వేసి మేకులు కొట్టేసింది. ఆ గొంతున్న తాళాన్ని సుత్తితో తానే పగలగొట్టింది. పగలగొట్టేటప్పుడు ఏడవలేదు. ఊళ్ళో ఓవికో పలకలున్న ఇళ్ళన్నిటికీ తిరిగి తీసెయ్యమని చెప్పింది. కొందరు తీశారు. ఎక్కువమంది పాపం మొగుడు పోయి మతి చలించిందన్నట్టు చూశారు. పేరు ఆపించమని, పేర్లు ఇచ్చే సంస్థకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగా అడిగింది.

"ఆ పేరు మీదేనాండీ?"

"కాదు. నా స్నేహితురాలిది."

"అయితే ఆవిడే అడగాలండీ."

"ఆవిడ లేదు."

"అయితే గడువయ్యేదాకా ఆగాలండీ."

ఆగింది. వదిలేసిన పేరు ఎప్పటికైనా గాల్లోకి రాక తప్పదు, ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మళ్ళీ చలికాలం వచ్చింది. సరస్సు గడ్డకట్టింది. ఆ ఏడు ఊళ్ళో ముగ్గురు కనపడకుండా పోయారు. మూడిళ్ళలోనూ తలుపు విరిగిన గుర్తు లేదు.

చివరికి ఒక బుధవారం ఓవికో వంతు వచ్చింది. ఎదురుగా లరీసా కుర్చీ ఖాళీగా ఉంది. రెండయింది. గీతలు పరుగెత్తాయి. పోటీకి ఎవరూ రాలేదు. పేరు హెల్వీది.

కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆ పేరు వెనక ఉన్నవన్నీ తెంపేసింది. యంత్రం లేదు, బొమ్మ లేదు, జవాబు లేదు. ఎవరు పిలిచినా ఇక పలికేదేమీ లేదు. తెంపాక కూడా చాలాసేపు తెర వంకే చూస్తూ కూర్చుంది. నిశ్శబ్దం. అప్పుడు గానీ ఏడుపు రాలేదు. మొగుడి కోసమో, స్నేహితురాలి కోసమో, ఎవరి కోసమో తేల్చుకోకుండానే ఏడ్చి, మొహం కడుక్కుని కిందికి దిగింది. మూడేళ్ళలో మొదటిసారి ఆకలేసింది.

సైమా పిన్ని గల్లా దగ్గర కోటు వేసుకునే నిలబడి ఉంది. తల మీద మంచు కరిగి మొహం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"ఏంటి పిన్నీ, ఎక్కడికైనా వెళుతున్నావా?"

"వెళ్ళొచ్చానమ్మా. కాస్త నడుం వాలుద్దామని ఇంటికెళ్ళాను. ఇందాక నువ్వు పైన గెంతావు చూడు, ఆ తర్వాతే."

"మరి పడుకోలేదే?"

సైమా పిన్ని గొంతు తగ్గించింది. "మీవాడు... మీ ఎన్సియో... వాడి గొంతు విన్నానే."

హెల్వీ గల్లా బల్ల అంచు పట్టుకుంది. "నీ తలుపుకి ఓవికో తాళం ఎక్కడిది? నీ ఇంటికి నేను వచ్చి చూశాను కదా?"

"నాకెక్కడిదే? మా అమ్మ పెట్టించిన ఇనప గొళ్ళెమే కదా. దాని మీద చెయ్యేశాను. లోపల్నించి వాడు, తీరిగ్గా, వాడిల్లే అయినట్టు... 'ఎవరు?' అన్నాడు."

"నువ్వేమన్నావు?" యంత్రం ఇచ్చే జవాబు తను తెంపేస్తే, ఇప్పుడు తలుపుల దగ్గర అతనే అడిగి జవాబిస్తున్నాడని హెల్వీకి తట్టింది.

"ఏమంటాను? నా ఇంట్లోంచి నన్నే ఎవరని అడుగుతుంటే? నేను, సైమానిరా, అన్నాను."

"అంటే?"

సైమా పిన్ని తన చేతుల వంక చూసుకుంది. అటూ ఇటూ తిప్పి, అవి తనవేనా అన్నట్టు చూసుకుంది.

"'సైమా లోపలే ఉంది' అన్నాడమ్మా. 'పిలవనా?' అన్నాడు."